గేటు లోపల యజమాని ఎవరు?

ఉక్కు ఊళ్లో మనవాళ్లు: తొమ్మిదో భాగం

పంప్ హౌస్ అంటే నీళ్లు తోడే చోటు. అక్కడ పనిచేసేవాడు భయపడితే నీళ్లకు భయపడాలి, కరెంటుకు భయపడాలి. 2014 జూన్ 12 సాయంత్రం భిలాయి ఉక్కు కర్మాగారంలోని పంప్ హౌస్ నంబర్ 2లో మనుషుల్ని చంపింది గాలి. బ్లాస్ట్ ఫర్నేసుల నుంచి వచ్చే గ్యాసును కడిగి శుభ్రం చేయడానికి నీరు అక్కడి నుంచే వెళ్తుంది. ఆ రోజు నీటి ఒత్తిడి పడిపోయింది. గ్యాసును అవతలే ఆపి ఉంచాల్సిన నీరు లేకపోయేసరికి కార్బన్ మోనాక్సైడ్ గొట్టాల్లోంచి వెనక్కి తన్నుకొచ్చింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పీల్చినవాడి రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది వచ్చి కూర్చుంటుంది. ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా ఆరుగురు చనిపోయారు. ముప్పై మందికి పైగా అస్వస్థులయ్యారు.

ప్లాంటులో ఏదో జరిగిందని తెలిస్తే దాని టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2లో గుమ్మాల ముందు రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. మొదటిది ‘ఎవరు?’ రెండోది ‘పర్మనెంటా, ఠేకానా?’

మొదటి ప్రశ్న ఏ ఊళ్లోనైనా అడుగుతారు. రెండోది పారిశ్రామిక పట్టణాల్లోనే పుట్టింది. చనిపోయినవాడు కర్మాగారం సొంత మనిషా, కాంట్రాక్టర్ తెచ్చిన మనిషా అన్నదాన్ని బట్టి ఆ ఇంటి రేపటి బతుకు తేలుతుంది. క్వార్టర్ ఉంటుందా, పిల్లాడికి ఉద్యోగం దొరుకుతుందా, డబ్బు ఎవరిస్తారు, ఎన్నాళ్లకిస్తారు అన్నవన్నీ ఆ జవాబులోనే ఉన్నాయి. పనివాడి ప్రాణానికి, ఒంటికి, కూలికి చట్టప్రకారం పూచీ ఎవరిదన్న విషయంలో ఈ దేశం దాదాపు నూట నలభై ఏళ్లుగా చట్టాలు రాస్తూనే ఉంది. ఆ చట్టాల కథ ఈ భాగంలో.

సెక్టర్ 2 చిరునామా రాయడం తేలిక. క్వార్టర్ నంబరు, వీధి నంబరు, సెక్టర్ నంబరు రాస్తే చాలు. వీధులకు నాయకుల పేర్లుండవు, అంకెలే. సోవియట్ సాయంతో కట్టిన కర్మాగారం పక్కన, అదే కొలతల క్రమశిక్షణతో వేసిన టౌన్‌షిప్ ఇది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లకు దారి కూడా తేలికే. 1931లో పూర్తయిన విజయనగరం–రాయపూర్ రైలు మార్గం వాళ్లను పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా ఛత్తీస్‌గఢ్ మైదానంలో దింపింది. ఇప్పుడు అదే దారిలో దుర్గ్ నుంచి విశాఖకు వందే భారత్ నడుస్తోంది. వాళ్లు రైలు దిగేనాటికే భారత కార్మిక చట్టానికి ఒక రూపం వచ్చింది. ఆ రూపం ఎలా వచ్చిందో తెలియాలంటే ముందు ఇంగ్లండులోని ఒక మాంసం బండి దగ్గరికి వెళ్లాలి.

1830లలో పీటర్‌బరోలో థామస్ ఫౌలర్ అనే కసాయి ఉండేవాడు. అతని దగ్గర చార్లెస్ ప్రీస్ట్‌లీ అనే కుర్రాడు పనిచేసేవాడు. మోయగలిగినదానికి మించి మాంసం ఎక్కించిన బండి విరిగిపడి ప్రీస్ట్‌లీ తొడ ఎముక విరిగింది. నష్టపరిహారం కోరి అతను యజమాని మీద దావా వేశాడు. జ్యూరీ 100 పౌన్లు ఇవ్వమంది. 1837లో లార్డ్ అబింగర్ ఆ తీర్పును కొట్టేశాడు. పనివాడికి తగిలిన ప్రతి దెబ్బకూ యజమాని జవాబు చెప్పాలంటే ఆ బాధ్యతకు అంతుండదని ఆయన వాదన. పనిలో ముప్పు ఉందని తోస్తే ఆ పని మానుకునే స్వేచ్ఛ పనివాడికి ఉందన్నాడు. ఆకలితో ఉన్నవాడికి ఆ స్వేచ్ఛ ఏపాటిదో కోర్టు లెక్కలోకి తీసుకోలేదు. అక్కడి నుంచి ఒక సూత్రం స్థిరపడింది. తోటి పనివాడి పొరపాటు వల్ల దెబ్బ తగిలితే యజమానికి సంబంధం లేదు. పెద్ద ఫ్యాక్టరీలో ప్రతి పొరపాటూ ఎవరో ఒక తోటి పనివాడిదే అవుతుంది. అంటే యజమాని ఎప్పటికీ దొరకడు.

మన దేశంలో ఈ మాటకు ఎదురు మాట న్యాయస్థానంలో కంటే ముందు ఒక బహిరంగ సభలో వినిపించింది. 1884లో బొంబాయిలో నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లు కూలీలను కూడగట్టారు. 5,500 మంది పేరిట ఫ్యాక్టరీ కమిషన్‌కు విన్నపం పంపారు. ఆదివారం సెలవు కావాలన్నారు, మధ్యాహ్నం అరగంట విరామం కావాలన్నారు. వాటితోపాటు మరో కోరిక ఉంది. మిల్లులో దెబ్బతిన్న మనిషికి కోలుకునేదాకా కూలి ఇవ్వాలి, జీవితాంతం పనికిరాకుండా పోతే బతికే దారి చూపాలి. చదువుకున్న న్యాయవాదులు ఇంగ్లండులో ఇంకా తర్జనభర్జన పడుతున్న సంగతిని బొంబాయి కూలీలు రెండు వాక్యాల్లో తేల్చేశారు. 1881లో వచ్చిన మొదటి ఫ్యాక్టరీల చట్టంలో ఆ ఊసే లేదు. అది ప్రధానంగా పిల్లల పని గంటలను, యంత్రాల చుట్టూ కంచెలను చూసుకుంది.

లోఖండే సభ తర్వాత దాదాపు నలభై ఏళ్లకు, 1923లో, వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టం వచ్చింది. 1924 జూలై 1 నుంచి అమలైంది. భిలాయి కథకు ఈ చట్టం పునాది రాయి. అందులోని మూడో సెక్షన్ ప్రకారం పని చేస్తుండగా, పని కారణంగా ప్రమాదం జరిగి గాయపడితే యజమాని పరిహారం ఇవ్వాలి. తప్పు ఎవరిదని తేల్చాల్సిన పని లేదు. తోటి పనివాడి పొరపాటైనా ఇవ్వాల్సిందే. పీటర్‌బరో కసాయి వాదన ఇక్కడ చెల్లదు. పనివాడితో ముందే సంతకం పెట్టించుకుని ఈ హక్కు వదిలించుకుందామన్నా కుదరదు, పదిహేడో సెక్షన్ ఆ ఒప్పందాన్ని చెల్లనీయదు.

ఆ చట్టంలో పన్నెండో సెక్షన్ ఒకటుంది. తన వ్యాపారంలో భాగమైన పనిని ఎవరైనా కాంట్రాక్టర్‌కు అప్పగిస్తే, ఆ కాంట్రాక్టర్ మనిషికి ప్రమాదం జరిగినప్పుడు పరిహారం అసలు యజమానే ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. ‘వాడు మా మనిషి కాదు’ అని గేటు దగ్గర చెప్పడానికి 1924 నుంచే వీల్లేదన్నమాట. ఈ సెక్షన్ సంగతి తెలియక ఎన్ని కుటుంబాలు కాంట్రాక్టర్ ఇంటి చుట్టూ తిరిగి తిరిగి ఇచ్చినంత పుచ్చుకుని ఊరెళ్లిపోయి ఉంటాయో!

ఈ చట్టాల చరిత్రలో మన ప్రాంతం మనిషి ఒకరున్నారు. బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరి. 1920లలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపారు, 1937లో మద్రాసు ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. 1952లో శ్రీకాకుళం వైపున్న పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి పదవి చేపట్టారు. భిలాయికి పనికొచ్చిన తెలుగువాళ్లలో ఎందరో పుట్టిపెరిగిన నేల అది. ఆయన మంత్రిగా ఉండగా 1953లో పారిశ్రామిక వివాదాల చట్టంలో కొత్త అధ్యాయం చేరింది. యజమాని పని చూపించలేక లే ఆఫ్ ప్రకటిస్తే సగం జీతం ఇవ్వాలి, ఉద్యోగంలోంచి తీసేస్తే పరిహారం ఇవ్వాలి. మరుసటి ఏడాది బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించిందని గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఆయన రాష్ట్రపతిగా ఉన్న సంగతి అందరికీ గుర్తుంది. ఈ రాజీనామా ఇంకా ఎక్కువ గుర్తుండాలి.

గిరి మంత్రి కాకముందే, 1949 ఏప్రిల్ 1 నుంచి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అమల్లోకి వచ్చింది. వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలకు మించి పని ఉండకూడదని ఆ చట్టం చెప్పింది. దాటితే రెట్టింపు కూలి. 250 మంది దాటితే క్యాంటీన్. 500 మంది దాటితే అంబులెన్స్ గది, వెల్ఫేర్ ఆఫీసర్. ఈ అంకెల మధ్య ముప్పై ఆరో సెక్షన్‌ను ఆగి చదవాలి. ప్రమాదకరమైన గ్యాసు ఉండే అవకాశమున్న గది, తొట్టి, గొయ్యి, గొట్టంలాంటి ఇరుకు చోటుకు మనిషిని పంపకూడదు. పంపాలంటే లోపల గ్యాసు లేదని అర్హుడైన వ్యక్తి పరీక్షించి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేకపోతే ఆ మనిషికి శ్వాస పరికరం తొడిగి, నడుముకు బెల్టు కట్టి, దాని తాడు కొసను బయట మరొకరు పట్టుకుని నిలబడాలి. చట్టాల్లో ఇంత బొమ్మకట్టినట్టుండే వాక్యం అరుదు. లోపలికి వెళ్లే మనిషి, బయట తాడు పట్టుకున్న మనిషి ఇద్దరూ కనిపిస్తారు. ఆ తాడు యజమాని బాధ్యత.

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఉక్కు కర్మాగారం ఒప్పందం మీద సంతకాలు చేశాయి. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యంతో మొదలైన ప్లాంటు అది. హిందుస్థాన్ స్టీల్ సంస్థ కింద నడిచి, 1973లో ఏర్పడిన స్టీల్ అథారిటీ ఆఫ్ ఇండియా చేతికి వచ్చింది.

ఇక్కడ యజమాని చట్టం అడిగినదానికంటే ఎక్కువే ఇచ్చాడని ఒప్పుకోవాలి. సెక్టర్ సెక్టర్‌కూ బడి, అంగళ్లు, ఆటస్థలం. సెక్టర్ 9లో పెద్దాసుపత్రి, దానికి తర్వాత జవహర్‌లాల్ నెహ్రూ పేరు పెట్టారు. సెక్టర్ 2 పిల్ల కంపెనీ ఆసుపత్రిలో పుట్టి, కంపెనీ బడిలో చదివి, కంపెనీ కరెంటు దీపం కింద పరీక్షలకు కూర్చునేది. పల్లెలో జమీందారు గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడిన తాత మనవరాలికి ఇది చిన్న మార్పు కాదు. ఆ తరం ఆత్మగౌరవం ఈ క్వార్టర్లలోనే పెరిగింది. సెక్టర్ 2లో అయ్యప్ప గుడి, ఇరుగుపొరుగున మలయాళీలు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీలు, మధ్యలో మన తెలుగు ఇళ్లు. ఒక్క యజమాని నీడలో ఒక చిన్న భారతదేశం అక్కడ కుదురుకుంది.

ఆ నీడ కొలత మాత్రం మస్టర్ రోలే. పేరు దానిలో ఉన్నవాడికే క్వార్టర్, ఆసుపత్రి, బడి. లేనివాడు అదే గేటులోంచి లోపలికి వెళ్లి, అదే వేడిలో పనిచేసి, సాయంత్రం వేరే ఊరికి వెళ్లిపోయేవాడు.

భిలాయికి దక్షిణంగా, వంద కిలోమీటర్ల లోపు దూరంలో దల్లీ రాజ్‌హరా కొండలున్నాయి. ప్లాంటుకు ఇనుప రాయి అక్కడి నుంచే వస్తుంది. యంత్రాలతో తవ్వే గనులు కొన్నయితే, చేతులతో రాయి కొట్టి లారీలకెత్తే గనులు కొన్ని. చేతిపనంతా ఠేకాదే. ఎక్కువగా ఆదివాసులు, ఛత్తీస్‌గఢ్ పల్లెల వాళ్లు, ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో పనిచేసేవారు. 1977లో బోనస్ ఒప్పందం కుదిరింది. పర్మనెంట్ వాళ్లకు 308 రూపాయలు, ఠేకా వాళ్లకు 70 రూపాయలు. ఒకే కొండ, ఒకే రాయి. కార్మికులు పాత సంఘాల్లోంచి బయటికి వచ్చి ఛత్తీస్‌గఢ్ మైన్స్ శ్రామిక్ సంఘ్ పెట్టుకున్నారు. శంకర్ గుహా నియోగిని నాయకత్వానికి పిలిచారు. ఒకప్పుడు భిలాయి కోక్ ఓవెన్లలో పనిచేసి ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆయన.

వాళ్ల కోరికలు రెండు. కార్మికుడు పనికొచ్చినా యాజమాన్యం పని చూపించలేకపోతే ఆ రోజుకు కొంత కూలి ఇవ్వాలి. వానలకు ముందు గుడిసెలు బాగుచేసుకోవడానికి 100 రూపాయలివ్వాలి. మొదటి కోరికను, గిరి కాలంలో చట్టమైన లే ఆఫ్ పరిహారాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే అది కొత్త గొంతెమ్మ కోరిక కాదని తెలుస్తుంది. పర్మనెంట్ మనిషికి చట్టం ఎప్పుడో ఇచ్చినదాన్ని ఠేకా మనిషి అడిగాడు. 1977 జూన్ 2 రాత్రి పోలీసులు నియోగిని పట్టుకెళ్లారు. ఆయన్ను విడిపించుకోవాలని జనం అడ్డుపడ్డారు. ఆ రాత్రి, మర్నాడు జరిగిన కాల్పుల్లో 11 మంది చనిపోయారు. అనసూయా బాయి అనే కార్మికురాలు వాళ్లలో ఒకరు.

ఆరేళ్లకు, 1983 జూన్ 3న, ఆ అమరుల పేరిట కార్మికులు తమ చందాలతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి తెరుచుకుంది. సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్ బాయి ప్రసవ సమయంలో వైద్యం అందక చనిపోవడం వాళ్లను ఈ పనికి పురికొల్పింది. యజమాని ఆసుపత్రి తలుపు తెరుచుకోని చోట కూలీలు సొంత ఆసుపత్రి కట్టారు. ఉక్కు ఊరి చరిత్రలో కొలిమి ప్రారంభోత్సవం ఎంత ముఖ్యమో ఇదీ అంత ముఖ్యం.

అప్పటికే ఠేకా పని కోసం ప్రత్యేక చట్టం ఉంది. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టం 20 మంది, అంతకు మించి ఉన్న చోట వర్తించేది. కాంట్రాక్టర్ తాగునీరు, క్యాంటీన్, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స ఏర్పాటు చేయకపోతే అసలు యజమాని చేయాల్సి ఉండేది. కూలి ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలి. కూలి పంచేటప్పుడు అసలు యజమాని ప్రతినిధి అక్కడ నిలబడి చూడాలి. పదో సెక్షన్ కింద, ఏడాది పొడవునా సాగే పనుల్లో ఠేకాను ప్రభుత్వం నిషేధించే వీలు కూడా ఉండేది. నిషేధించాక ఆ మనుషుల గతేమిటన్నది మాత్రం చట్టం రాయలేదు. ఆ ఖాళీ ముప్పై ఏళ్లు కోర్టుల్ని తిప్పింది.

1990లో పోరాటం గనుల నుంచి భిలాయి చుట్టుపక్కల ప్రైవేటు ఫ్యాక్టరీలకు పాకింది. నియోగి నడిపిన ఛత్తీస్‌గఢ్ ముక్తి మోర్చా జెండా కింద అక్కడి కార్మికులు అడిగినవాటిలో సగానికి పైగా అప్పటికే చట్టంలో ఉన్నవే. ఎనిమిది గంటల పని, ప్రావిడెంట్ ఫండ్, గుర్తింపు కార్డు, బతకడానికి చాలినంత కూలి, ఉద్యోగ భద్రత. 1991 సెప్టెంబరు 28 తెల్లవారకముందే భిలాయిలో నిద్రపోతున్న నియోగిని కాల్చి చంపారు. 1997లో సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా ఆరుగురికి శిక్ష వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. 2005లో సుప్రీం కోర్టు తుపాకి పేల్చిన ఒక్కడికే జీవిత ఖైదు ఖాయం చేసింది.

నియోగి హత్య తర్వాత కూడా కోరికలు తీరలేదు. 1992 జూలై 1న కార్మికులు కుటుంబాలతో సహా భిలాయి పవర్ హౌస్ స్టేషన్ దగ్గర రైలు పట్టాల మీద కూర్చున్నారు. పోలీసు కాల్పుల్లో 16 మంది కార్మికులు చనిపోయారు. ఏటా జూలై 1న ఆ స్టేషన్ దగ్గర ఎర్ర, ఆకుపచ్చ జెండాలతో జనం చేరి వాళ్ల పేర్లు చదువుతారు.

కోర్టుల సంగతికి వద్దాం. 1996లో ఎయిర్ ఇండియా కేసులో సుప్రీం కోర్టు, ఠేకాను నిషేధిస్తే ఆ కార్మికులు వాటంతటవే అసలు సంస్థ ఉద్యోగులవుతారంది. ఠేకా ఇళ్లలో ఆ తీర్పు పండగ తెచ్చింది. పండగ అయిదేళ్లు కూడా నిలవలేదు. 2001 ఆగస్టు 30న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆ కేసులో పార్టీ ఎవరో కాదు, భిలాయి యజమాని స్టీల్ అథారిటీయే. గొడవ మొదలైంది కలకత్తా స్టాక్‌యార్డుల్లో. తీర్పు రాసింది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లిన జస్టిస్ సయ్యద్ షా మొహమ్మద్ ఖాద్రీ. ఠేకా రద్దయినంత మాత్రాన ఉద్యోగం రాదు, ఠేకా కేవలం ముసుగు అని నిరూపిస్తే మాత్రం ఆ కార్మికులు అసలు యజమాని మనుషులే అని తేల్చింది. నిరూపించే భారం కూలి మనిషి మీద పడింది. హాజరు పుస్తకం కాంట్రాక్టర్ దగ్గర, గేట్‌పాస్ రికార్డు కంపెనీ దగ్గర. అతని చేతిలో ఏముందని నిరూపిస్తాడు? చట్ట సూత్రంగా ఆ తీర్పుకు బలమైన తర్కం ఉండవచ్చు. రాజ్‌హరా రాళ్ల మధ్య నుంచి చూస్తే అది అన్యాయమే.

ఈలోపు భద్రత చట్టాన్ని మరో ఘోరం మార్చింది. 1984 డిసెంబరు 2–3 రాత్రి భోపాల్. భిలాయి కూడా అప్పటికి అదే మధ్యప్రదేశ్‌లో ఉంది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలున్న చోట కార్మికుల ప్రతినిధులతో భద్రతా కమిటీ ఉండాలి. ముప్పు ముంచుకొస్తోందని తోస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి వచ్చింది. అన్నిటికంటే పెద్ద మార్పు ‘ఆక్యుపయర్’ అన్న మాటలో జరిగింది. కర్మాగారం మీద అంతిమ అదుపు ఉన్న వ్యక్తి అని దాని అర్థం. అదివరకు కంపెనీలు ఎవరో ఒక మేనేజర్ పేరు రాసిచ్చి, కేసొస్తే అతన్ని బోనెక్కించేవి. ఇకపై కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరు, ప్రభుత్వ కర్మాగారమైతే దాన్ని నడపడానికి నియమితుడైన వ్యక్తి జవాబు చెప్పాలి. 1996లో జేకే ఇండస్ట్రీస్ కేసులో సుప్రీం కోర్టు దీన్ని సమర్థించింది. యజమాని ఎవరన్న ప్రశ్నకు కనీసం భద్రత విషయంలో ఒక పేరు, ఒక కుర్చీ దొరికాయి.

2018 అక్టోబరు 9 ఉదయం ఆ కుర్చీ కదిలింది. కోక్ ఓవెన్ బ్యాటరీ నంబర్ 11 దగ్గర గ్యాసు పైపులైను మీద ముందే అనుకున్న మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచాయి. ఆ రోజే తొమ్మిది మంది చనిపోయారు. కాలిన గాయాలతో సెక్టర్ 9 ఆసుపత్రిలో చేరినవాళ్లలో మరికొందరు తర్వాతి రోజుల్లో కన్నుమూశారు. మంటలార్పాల్సిన అగ్నిమాపక సిబ్బంది కూడా మృతుల్లో ఉన్నారు. కేంద్ర ఉక్కు మంత్రి వచ్చారు. ప్లాంటు సీఈఓను పదవి నుంచి తప్పించారు, ఇద్దరు అధికారులను సస్పెండ్ చేశారు. నాలుగేళ్ల కిందటి పంప్ హౌస్ కథ ఇంకా ఎవరూ మరిచిపోలేదు. రెండుసార్లూ చంపింది గ్యాసే.

మన తీరంలోనూ ఇదే వరస. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. నలుగురు షిప్‌యార్డు సొంత ఉద్యోగులు, మిగతా ఏడుగురు కాంట్రాక్టు సంస్థల వాళ్లు. ఒకే క్రేన్ కింద రెండు రకాల మనుషులు, రెండు రకాల పరిహార చర్చలు.

పరిహారం లెక్క ఎలా కడతారో తెలుసుకోవాలి, ఎందుకంటే చాలా ఇళ్లలో ఆ లెక్క తెలియకే తక్కువకు ఒప్పుకుంటారు. 1923 చట్టం పేరును 2009లో ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ చట్టంగా మార్చారు. మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసుకు తగ్గ గుణకంతో హెచ్చిస్తారు. ముప్పై ఏళ్ల వయసుకు గుణకం 207.98. నెలకు 12,000 రూపాయలు తెచ్చే ముప్పై ఏళ్ల ఠేకా కార్మికుడు చనిపోతే 6,000ను 207.98తో హెచ్చిస్తే 12,47,880 రూపాయలవుతుంది. జీతం ఎంత ఎక్కువున్నా లెక్కకు 2020 నుంచి 15,000 రూపాయల వరకే తీసుకుంటారు. నెల రోజుల్లో కట్టకపోతే 12 శాతం వడ్డీ, సాకు సరైనది కాకపోతే పరిహారంలో సగం వరకు జరిమానా. మరణ పరిహారాన్ని కుటుంబం చేతికి నేరుగా ఇచ్చి సంతకం పెట్టించుకుంటే చెల్లదు, చట్టం నియమించిన అధికారి దగ్గర జమ చేయాలి. ఈఎస్‌ఐ ఉన్న కార్మికుడైతే దారి వేరు. ఒకేసారి మొత్తం కాకుండా జీతంలో 90 శాతం లెక్కన ఆధారపడినవాళ్లకు నెలనెలా వస్తుంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1923 చట్టం, 1948 చట్టం, 1970 చట్టం మూడూ వాటిలో కలిసిపోయాయి. కొన్ని మెరుగులున్నాయి. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో ప్రమాదం జరిగినా, పనితో సంబంధముంటే పని ప్రమాదంగానే చూస్తారు. ఠేకా కార్మికులకు క్యాంటీన్, విశ్రాంతి గది, మరుగుదొడ్డి వంటి సౌకర్యాల బాధ్యత ఇక నేరుగా అసలు యజమానిదే. పాత చట్టం కింద భద్రత ఉల్లంఘన వల్ల మనిషి చనిపోతే కనీస జరిమానా 25,000 రూపాయలుండేది, ఇప్పుడు 5 లక్షలు. అందులో సగానికి తగ్గకుండా బాధిత కుటుంబానికి ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది.

కోత కూడా ఉంది. ఠేకా చట్టం 20 మందికి వర్తించేది, ఇప్పుడు 50 మంది ఉండాలి. కరెంటుతో నడిచే కర్మాగారం అనిపించుకోవడానికి 10 మంది సరిపోయేవారు, ఇప్పుడు 20 మంది కావాలి. భిలాయి చుట్టూ ఉన్న చిన్న వర్క్‌షాపుల్లో పదిహేను మందో, ముప్పై మందో పనిచేసే చోట్లు ఎన్నో. వాళ్లను ఆ గీతకు అవతల వదిలేయడం పొరపాటు. పెద్ద ప్లాంటులో భద్రతాధికారి ఉంటాడు, యూనియన్ ఉంటుంది, ప్రమాదం జరిగితే మంత్రి వస్తాడు. చిన్న షెడ్డులో మనిషి చేయి తెగితే పక్క వీధికి కూడా తెలియదు. చట్టం అవసరం అక్కడే ఎక్కువ.

భిలాయి సెక్టర్ 2లోనూ, ఖుర్సీపార్‌లోనూ, విశాఖ గాజువాకలోనూ ఈ వ్యాసం చదువుతున్నవారికి ఒక విన్నపం. మీ ఇంట్లోంచి ఎవరైనా ఠేకా మీద డ్యూటీకి వెళ్తుంటే నాలుగు సంగతులు ఈ రోజే ఒక కాగితం మీద రాయండి. కాంట్రాక్టర్ పూర్తి పేరు, అసలు కంపెనీ పేరు, పీఎఫ్ నంబరు, ఈఎస్‌ఐ నంబరు. గేట్‌పాస్‌ను రెండు వైపులా ఫొటో తీసి పెట్టుకోండి. నియామక పత్రం ఇవ్వకపోతే అడగండి, ఇప్పుడది చట్టం. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచండి.

(సశేషం)